కోర్టెస్ సముద్రతీరమున కోడిచేప

చేపలు పట్టుట యనగానే మనకు వలలును, తెప్పలును, తెల్లవాఱుజామున గంపలు నెత్తిని బెట్టుకొని సంతకు పోవు పల్లెకారు స్త్రీలును జ్ఞప్తికి వత్తురు. అది పొట్ట పోసికొనుటకై చేయు కష్టమే గాని వేడుక కాదని మన తలంపు. కాని లోకమున నిందుకు వేఱైన పద్ధతియు నొకటి కలదు. వలయు లేదు, పడవయు లేదు, గాలమునకు గ్రుచ్చుటకు వానపామైనను లేదు. తొమ్మిదడుగుల సన్నని కోలయు, దారమును, దారపు కొసను వెండ్రుకలతో కట్టిన యొక బొమ్మచేపయు మాత్రమే సాధనములు. వీనితో సముద్రపు టొడ్డున మోకాలిబంటి నీట నిలిచి, ఆఱేడేండ్ల పిల్లవాని యంత బరువుగల చేపను పట్టవలెను. పట్టిన పిమ్మట దానిని వండుకొనరు, అమ్ముకొనరు; మరల నీటిలోనే విడిచివేయుదురు. ఇట్టి వినోదమునకై దేశదేశములనుండి జనులు పోవు తీరమునకు గడచిన వేసవిలో మేమును పోయి వారము దినము లుంటిమి. అచట చూచినదియు, వినినదియు, మా మనస్సునకు తోచినదియు సోదరీమణులకు విన్నవింప గోరుచున్నాము.

మా మఱది కాలిఫోర్నియా రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నాడు. అతని భార్యకు, అనగా మా తోడికోడలికి, మూడు సంవత్సరములనుండి యీ గాలపువిద్యయం దాసక్తి కలిగినది. మేము వారి యింటికి చుట్టపుచూపుగా పోయినపుడు ఆమె, “అక్కయ్యా! ఎప్పుడును పట్టణములే చూచెదరా? ఒక్కసారి నాతో సముద్రమునకు రండు” అని పట్టుపట్టెను. జూన్ నెల మొదటివారమున మేము నలుగురము బయలుదేఱి, మెక్సికో దేశమున సాన్ హోసే దెల్ కాబో సమీపమున విమానము దిగి, అచటినుండి మోటారుకారులో నుత్తరముగా పోయి లోస్ బర్రిలేస్ అను నూరు చేఱితిమి.

మెక్సికో దేశపటమును చూచినవారికి పడమట నొక సన్నని నేలనాలుక దక్షిణముగా వ్రేలాడుచు కనబడును. అదియే బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పము. పొడవు సుమారు 1,200 కిలోమీటర్లు. దానికి పడమట పసిఫిక్ మహాసముద్రము. తూర్పున, ప్రధానభూమికిని దానికిని నడుమ, కాలిఫోర్నియా సింధుశాఖ. ఈ సింధుశాఖకే స్పెయిను దేశపు దండనాయకుడైన హెర్నాన్ కోర్టెస్ పేర కోర్టెస్ సముద్రమని నామాంతరము. ద్వీపకల్పపు దక్షిణాగ్రమునకు దాపుననున్న తూర్పుతీరమును ఈస్ట్ కేప్ అందురు. కర్కటరేఖ యీ ప్రాంతముమీదుగానే పోవుచున్నది. సాంతియాగో యను పల్లెచెంత బాటప్రక్కను దానికి గుర్తుగా గోళాకారమైన చిహ్నము నిలిపినారు. మన దేశమున రాంచీ సమీపమున పోవు రేఖయు నిదియేకదా యని తలచినపుడు, అంతటి దూరదేశముకూడ మాకు కొంత దగ్గఱయైనట్లు తోచినది.

ఒకవైపున సియెర్రా దె లా లగూనా యను కొండలవరుస. మఱియొకవైపున నీలమణివంటి సముద్రము. నడుమ ముండ్లపొదల యెడారి. కార్దోన్ అను జెముడుజాతి మ్రానులు, కొమ్మలు చేతులవలె పైకెత్తుకొని, తాటిచెట్లతో పోటీపడుచు నిలిచియుండును. వానలు మిక్కిలి తక్కువ. ఇట్టి దేశమున తినుట కేమి దొరకునో యని మేము శంకించితిమి. కాని వంటయింట ప్రవేశింపగనే మా శంక తీఱినది. గోధుమపిండితో పలుచగా నొత్తి పెనముపై కాల్చు తోర్తియా మన చపాతికి తోబుట్టువు. మొల్కహేతె యనునది మూడుకాళ్ల నల్లరాతి రోలు. అందు కాల్చిన మిరపకాయలును, టొమాటోలును, ఉప్పును వేసి నూఱుదురు. రుచిచూచినపుడు మన రోటిపచ్చడియే యనిపించినది. ఆలోచించినచో నిందు వింతయేమియు లేదు. మిరపకాయ, టొమాటో, జామ, బొప్పాయి, సీతాఫలము – ఇవి యన్నియు అమెరికాఖండపు ఉష్ణప్రదేశములనుండి పోర్చుగీసువారును తదితరులును ఓడలలో తెచ్చినపిమ్మట మనకు దక్కినవే. మిరపకాయ లేనిదే మనకు పూట గడవదు; దాని పుట్టినింటిలో మేము పరాయివారము కాజాలము గదా!

ఇక మేము చూడవచ్చిన చేపమాట. దానికి స్పానిషుభాషలో ‘పెస్ గాయో’ యని పేరు. కోడిపుంజు చేప యని యర్థము. మేము కోడిచేప యనుచున్నాము. దాని వీపురెక్కలో ఏడు పొడవైన ముండ్లు దువ్వెనపండ్లవలె నుండును. మెల్లగా నీదునపుడు అవి వీపుమీది గాడిలో నొదిగియుండును. చిన్నచేపలను తఱుమునపుడు జుట్టు నిక్కబొడుచుకొన్న పుంజువలె నీటిపైకి లేచును. వెండివన్నె దేహముపై నల్లని వంపుచారలు. ఇది కాలిఫోర్నియానుండి పెరూ దేశమువఱకు తూర్పు పసిఫిక్ జలములలో మాత్రమే యున్నది. మన సముద్రములలో లేదు. దీని శరీరములోని గాలితిత్తి తలలోనికి వ్యాపించి చెవినంటి యుండుటచేత, వినికిడి మిక్కిలి సూక్ష్మమని శాస్త్రజ్ఞులు వ్రాసినారు. 1960 వ సంవత్సరమున లా పాస్ పట్టణముచెంత పట్టిన యొక కోడిచేప 114 పౌనులు, అనగా సుమారు 52 కిలోలు తూగి ప్రపంచపు రికార్డులకెక్కినది. ఇంత పెద్దచేప, కవళ్లవంటి చిన్నచేపల గుంపులను తఱుముకొనుచు, ఒడ్డునకు పది పదునైదడుగుల దూరమువఱకు వచ్చును. కనుకనే పడవ లేకుండ నిసుకపై నిలిచి దీనిని పట్టుటకు వీలు కలుగుచున్నది.

పట్టు విధానము చెప్పవలెను. సామాన్యపు గాలమున ఎరబరువో సీసపుగుండు బరువో దారమును లాగుకొనిపోవును. ఈ పద్ధతిలో నట్లు కాదు. బొమ్మచేప యీకవలె తేలిక. దానిని విసరినచో మూరెడు దూరమైన పోదు. ఇందు బరువంతయు దారమునందే యుండును. సముద్రమున వాడు పదవసంఖ్య దారపు మొదటి 30 అడుగులు సుమారు 18 గ్రాములు తూగును. ఆ దారమును కోలతో వెనుకకును ముందునకును గాలిలో నూపి, వెనుక పూర్తిగా చాచుకొన్న క్షణమున ముందునకు త్రోయవలెను. అప్పుడది విప్పుకొనుచు పోయి బొమ్మచేపను డెబ్బది యెనుబది యడుగుల దూరమున దింపును. బలము ప్రధానము కాదు, కాలము ప్రధానము. ఒక నిమేషము ముందైనను చిక్కుపడును, వెనుకైనను నేలబడును. తిరుగలి త్రిప్పినవారికిని, కవ్వము చిలికినవారికిని ఈ లయ త్వరగా పట్టుబడునని మాకు తోచినది. విసరిన దారమును లాగునపుడు కెరటములు కాళ్లకు చుట్టకుండుటకై నడుమునకు తట్టవంటి పెట్టె కట్టుకొని, అందులో చుట్టలు చుట్టలుగా వేసికొందురు.

ఈ విద్య పురాతనమైనది. నేటికి పదునెనిమిది వందల యేండ్లక్రిందట ఏలియన్ అను రోమను రచయిత, మాసిడోనియావారు ఎఱ్ఱని ఉన్నియు కోడియీకలును గాలమునకు చుట్టి యేటిచేపలను పట్టుదురని వ్రాసెను. ఈగలను పోలినది గనుక దానికి ఇంగ్లీషున ‘ఫ్లై’ యను పేరు నిలిచినది. సముద్రమున వాడునది చేపను పోలియున్నను పేరు మాఱలేదు. ఇందు స్త్రీల పాలు తక్కువ కాదని యెఱిగి మేము సంతోషించితిమి. 1496 లో ఇంగ్లండున అచ్చైన గాలపువేట గ్రంథము జూలియానా బెర్నర్స్ అను సన్న్యాసినిదని ప్రతీతి. అమెరికాలో మేరీ ఆర్విస్ మార్బరీ యీకల గాలములు కట్టు స్త్రీలకు పెద్దయై పని నడపి, 1892 లో ఆ గాలముల చరిత్రమును గ్రంథముగా ప్రకటించెను. మెయిన్ రాష్ట్రపు కారీ స్టీవెన్స్ పట్టుకారు సాయమైన లేకుండ వ్రేళ్లతోనే కట్టిన యీకగాలముతో 1924 లో పట్టిన చేప పత్రికాబహుమానము నందినది. జోన్ వుల్ఫ్ 1960 లో 161 అడుగుల దూరము దారము విసరి పురుషులనుకూడ నాశ్చర్యపఱచెను. సూదియు దారమును చేతబట్టిన యే యిల్లాలైనను ఈ యీకలపనిని చూచి మెచ్చకుండజాలదు.

మాకు దారిచూప కుదుర్చుకొన్నవాడు ఆ యూరివాడే, ఏబదియేండ్లు పైబడినవాడు. అతని తండ్రియు తాతయు చేపలుపట్టి యమ్మినవారు. సూర్యుడు కొంత పైకి వచ్చినగాని యతడు మమ్ము బయలుదేఱనీయడు. వెలుగు వెనుకనుండి పడినప్పుడే నీటిలోని నీడ కనబడునట. కొందఱు నాలుగుచక్రముల చిన్నబండ్లపై నిసుకలో తిరుగుదురు. ఆ యిసుకలో తాబేళ్లు గ్రుడ్లు పెట్టుననియు, బండిచక్రములకు అవి చితుకుననియు చెప్పి యతడు మమ్ము నడిపించియే తీసికొనిపోయెను. మన తీరమునకు వచ్చు ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్లే యక్కడికిని వచ్చునని విని, మేము మఱింత జాగ్రత్తగా నడుగులు వేసితిమి.

మొదటిదినమున నొక్క చేపయైన కనబడలేదు. రెండవదినమున మూడు కనబడెను. గూడబాతులు వరుసగా నీటిపైకి దూకినచోట చిన్నచేపలు వానచినుకులవలె నెగసిపడెను. వాని వెనుక నల్లని దువ్వెన యొకటి నీటిని చీల్చుకొనుచు వచ్చెను. “కోర్రె, సెన్యోరా!” – పరుగెత్తుడమ్మా! – యని దారిచూపువా డఱచెను. మా తోడికోడలు తడియిసుకలో నూఱుగజములు పరుగెత్తి, రొప్పుచునే దారము విసరెను. చేప బొమ్మ వెనుక పడివచ్చి, జానెడు దూరమున నాగి, ఒక్కసారి చూచి, తోక త్రిప్పి పోయెను. ఆ దినమంతయు నిట్లే జరిగెను. పదిమాఱులు తఱిమి తొమ్మిదిమాఱులు మాఱుమొగము పెట్టుట దీని స్వభావమట. ఎండ నిప్పులు చెఱుగుచుండెను. మా మఱది గొడుగుక్రింద కూర్చుండి, “ఇంతకంటె బజారులో కొనుట సులువు” అని పరిహాసమాడెను.

ఆ రాత్రి భోజనమువేళ మేము మనసులోని మాట దాచుకొనక యడిగితిమి: “అమ్మాయీ! ఆకలికి చంపినవాడు పాపి యనుకొందువేని, ఆకలి లేకయే నొప్పించువాడు పుణ్యాత్ముడా? విడిచినంతమాత్రమున నోటికి గ్రుచ్చిన కొక్కెము గ్రుచ్చనట్లగునా?” ఆమె వెంటనే యుత్తరము చెప్పలేదు. కొంతసేపటికి, “అక్కయ్యా, ఆ ప్రశ్న నాకును కలదు. అందుకే కొక్కెమునకు మొనవెనుక ముల్లు నొక్కివేసి వాడుదును. పొడి యిసుకమీదికి లాగను. ఫోటోకై గాలిలో నెత్తిపట్టను. ఇంతకుమించి నేర్వలేదు. కాని ఏడాదిపొడుగున గాజుపలకవంక చూచు కన్నులు ఇక్కడ నీటినే చూచును. ఆ నీటిలో నేమున్నదో చూడనేర్పినది యీ కోలయే” అనెను. సమాధానము సంపూర్ణము కాదు. ఆమెయు నట్లని యనలేదు.

నాలుగవదినము ప్రొద్దెక్కినపిమ్మట కోడిచేప గాలమునకు తగిలెను. దారము తట్టలోనుండి బుసకొట్టుచు లేచిపోయెను. చక్రముమీది సన్నదారము నూఱు, నూటయేబది గజములు క్షణములో కరగెను. మా తోడికోడలు కోల వంచి, ఒడ్డువెంట ముందునకును వెనుకకును నడచుచు, గజము లాగి రెండుగజములు వదలుచు ముప్పావుగంట పెనగెను. తుదకు చేప కెరటముతోడ మోకాలినీటికి వచ్చెను. నాలుగడుగుల పొడవు, ఇరువది కిలో లుండునని దారిచూపువాని యంచనా. అతడు కొక్కెము తీసి దానిని నీటిలోనే నిలిపిపట్టెను. కాని యది కదలలేదు. చేయి సడలించినంతనే ప్రక్కకు వాలిపోవుచుండెను. జుట్టు ముడుచుకొనిపోయెను. మా తోడికోడలి మొగము పాలిపోయెను. “అక్కయ్యా, చచ్చిపోవునేమో!” అని యామె కంఠము గద్గదమయ్యెను.

చీరకుచ్చెళ్లు పైకి దోపుకొని మేమును నీటిలోనికి దిగితిమి. అతడు సైగచేయగా తోకమొదలు పట్టుకొంటిమి. అది నునుపుగాను, గట్టిగాను, బిగిసిన త్రాటివలెను నుండెను. వచ్చు కెరటమున కెదురుగా దాని నోరు త్రిప్పి పట్టినచో నీరు నోటగుండ లోపలికి పోయి మొప్పలను తడుపును. ఊపిరి యందుటకు నదియే యుపాయము. కెరటము తరువాత కెరటము. ఎవ్వరమును మాటాడలేదు. ఎంతసేపో చెప్పజాలము. మొదట మొప్పలు నిదానముగా తెఱచి మూసికొనెను. పిదప చేతిలో తోక యొక్కసారి బిగిసెను. వెంటనే మా పట్టు విడిపించుకొని, మొగముమీద నీళ్లు చిమ్మి, నీడవలె లోతులోనికి పోయెను. మా తోడికోడలు ఆ దినమున మరల కోల ముట్టలేదు. “ఒకటి చాలును” అనెను.

మఱునాడు దక్షిణముగా పోయి కాబో పుల్మో చూచితిమి. చివరి కొన్నిమైళ్లు మన్నుబాట. చిన్నపల్లె, ఎదుట సముద్రములో పగడపుదిబ్బ. 1940 లో జాన్ స్టైన్‌బెక్ అను ప్రసిద్ధ రచయిత తన మిత్రుడు ఎడ్ రికెట్స్ అను జీవశాస్త్రజ్ఞునితో ఈ దిబ్బకు వచ్చి, ఆ యాత్రను 1941 లో గ్రంథముగా ప్రకటించెను. పిమ్మట కొన్నిదశాబ్దములకు చేపలు తఱిగిపోయి, పల్లెవారు మఱింత దూరముపోయినను గంప నిండని స్థితి వచ్చినది. లా పాస్ విశ్వవిద్యాలయపు పరిశోధకుల మాటలు విని, తామే నీటిలో మునిగి దిబ్బను చూచికొని, ఆ కుటుంబములు వల ముట్టరాదని నిశ్చయించుకొనెను. 1995 లో ప్రభుత్వము 7,111 హెక్టారుల జలమును జాతీయవనముగా ప్రకటించినది. చేపలుపట్టి బ్రతికినవారు వల విడుచుట యన, రైతు నాగలి విడుచుట వంటిది. మొదటి సంవత్సరములలో వారి యిల్లాండ్రు పొయ్యి యెట్లు వెలిగించిరో తలచుకొన్నచో గుండె బరువెక్కును. 1999 మొదలు 2009 వఱకు పదియేండ్లలో అచటి చేపల మొత్తపు బరువు 463 శాతము పెరిగినట్లు 2011 లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. దాపున వేలకొలది గదుల విహారనగరమును కట్టదలపెట్టగా పల్లెవారును మఱియనేకులును ప్రతిఘటించిరి. 2012 లో నాటి యధ్యక్షుడు ఫెలిపె కాల్దెరోన్ ఆ ప్రయత్నమును రద్దుచేసెను. నేడు పల్లెవారు యాత్రికులను నీటిలో ముంచి చేపలను చూపి జీవించుచున్నారు. మేము ముక్కునకు గాజుకప్పు పెట్టుకొని నీటిపై తేలుచు చూచితిమి. చేపల గుంపు మేఘమువలె మా క్రిందుగా పోవుచుండెను.

లోస్ బర్రిలేస్ వారి మార్గము వేఱు, కాబో పుల్మో వారి మార్గము వేఱు. 2007 వ సంవత్సరపు మెక్సికో మత్స్యశాసనము తీరమునుండి 50 నాటికల్ మైళ్ల లోపల కోడిచేపను వినోదపువేటకే ప్రత్యేకించినది, వర్తకమునకై పట్టరాదు. కావున మా దారిచూపువాని తండ్రి యొకసారి యమ్ముకొనగల చేపను, కొడుకు విడిచిపెట్టుచు బ్రతుకుచున్నాడు. పరదేశి సరదాకై స్థానికుని వల తప్పించుట న్యాయమా యని యడుగువారు కలరు. ఆ ప్రశ్నయు త్రోసివేయదగినది కాదు. మన యాంధ్రతీరమునను ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపుపడవలు వేటకు పోరాదను నియమము కలదు. ఆ రెండునెలలును పల్లెకారు కుటుంబములు పడు నిబ్బంది మన మెఱిగినదే. సముద్రమును కాపాడుటకు వెల చెల్లించువారు తఱచుగా బీదవారే. ఆ వెలను వారొక్కరిపైననే మోపక, చేపను తినువారమును చూచువారమును కొంత పంచుకొనవలెనని మాత్రము మాకు దృఢముగా తోచినది.

పోదలచిన సోదరీమణులకు రెండుమాటలు. మే మొదలు జూలై వఱకు పెద్దచేపల కాలము. ఎండయు నప్పుడే తీవ్రము. శీతకాలమున నుత్తరపుగాలి బలముగా వీచును. ఒడ్డు నిటారుగా వాలియున్నచోట్ల కెరటము కాలిక్రింది యిసుకను లాగివేయును గనుక పిల్లల చేయి వదలరాదు. పడవనుండి గాలము వేయువారికి అనుమతిపత్రము వలయును. ఒడ్డుననుండి వేయువారికి అక్కఱలేదు. గాలము పట్టనివారు గొడుగు తీసికొనిపోయి యొడ్డున కూర్చుండి నీటివంక చూచినను చాలును. గూడబాతులు దూకినచోట కన్ను నిలిపినచో, ఏదో యొకనాడు నల్లని దువ్వెన యొకటి నీటిపై లేచి, చిన్నచేపలను చెదరగొట్టి, మరల మునిగిపోవుట కనబడకపోదు.